ఎవరి తాతా కాని దయ్యం

అక్టోబర్ ఆఖరి వారం వచ్చిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా తిరుగుతుంది. హాలోవీన్ వేషాల్లో ఉన్న జపాన్ కుర్రాళ్ళ ఫొటో ఒకటి, దాని కింద ఒక దెప్పుడు: సొంత సంస్కృతంటే అంత గౌరవం ఉన్న దేశం కూడా చివరికి అమెరికా దయ్యాల పాలైంది, రేపు మన పిల్లలూ ఇంతే. నేను టోక్యోలో ఉంటానని అందరికీ తెలుసు కాబట్టి "నిజమేనా?" అని ఎవరో ఒకరు నన్ను ట్యాగ్ చేస్తారు. గ్రూపులో పెద్దవాళ్ళుంటారు, వాళ్ళతో వాదన పెట్టుకోవడం ఎందుకని ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకుంటాను. ఇక్కడ ఆ మొహమాటం లేదు కాబట్టి చెప్తున్నాను, నిజం కాదు. జపాన్, కొరియా, చైనా, హాంకాంగ్ కుర్రకారు హాలోవీన్ పేరుతో చేసుకునేదాంట్లో అమెరికా పాలు చాలా తక్కువ. ఒక తేదీ, ఒక గుమ్మడికాయ బొమ్మ అక్కడి నుంచి వచ్చాయి. మిగతాదంతా వాళ్ళ ఇళ్ళల్లోంచి, ఆఫీసుల్లోంచి, వాళ్ళ ఊళ్ళ ఇరుకులోంచి పుట్టింది. దాన్ని పరాయి మోజు అని తీసిపారేసే పెద్దమనుషులు మా గ్రూపులోనే కాదు, ఆ నగరాల్ని నడిపే కుర్చీల్లో కూడా ఉన్నారు. మా గ్రూపులో ఆ మాటతో పోయేదేమీ లేదు. అక్కడ చాలా పోయింది.

ముందు జపాన్ సంగతి. టోక్యోలోని హరజుకులో కిడ్డీ ల్యాండ్ అనే బొమ్మల దుకాణం 1970ల్లోనే హాలోవీన్ సరుకు అమ్మడం మొదలుపెట్టింది. 1983 నుంచి అక్కడి ఒమోతెసాందో వీధిలో ఊరేగింపు కూడా జరిగింది. అయినా ఊళ్ళో పెద్దగా ఎవరికీ పట్టలేదు. చాలామంది జపనీయులు ఆ పండగ పేరు గట్టిగా విన్నది ఒక చావు వార్తలో. 1992 అక్టోబర్‌లో, అమెరికాలోని బాటన్ రూజ్‌లో చదువుకుంటున్న యోషిహిరో హట్టోరి అనే పదహారేళ్ళ కుర్రాడు తెల్ల కోటు తొడుక్కుని హాలోవీన్ పార్టీకి బయల్దేరి, పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇంటాయన తుపాకీతో కాల్చి చంపాడు. క్రిమినల్ కేసులో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు తుపాకుల మీద అదుపు కావాలంటూ 17 లక్షల సంతకాలు కూడగట్టి, అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని కలిశారు. ఇలా పరిచయమైన పండగని ఏ దేశమైనా మోజుతో నెత్తిన పెట్టుకుంటుందా?

తర్వాత 1997లో టోక్యో డిస్నీల్యాండ్ హాలోవీన్ మొదలుపెట్టింది. మిఠాయి కంపెనీలు, దుకాణాలు వెనకే వచ్చాయి. వ్యాపారం పాత్ర లేదని నేననను. క్రిస్మస్‌కి వేయించిన కోడి తినాలని జపాన్‌కి 1974లో నేర్పింది కేఎఫ్‌సీ ప్రకటనే. కానీ వ్యాపారులు అమ్మాలని చూసింది చిన్నపిల్లల పండగ. ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుక్కునే పద్ధతి ఇక్కడ అసలు నిలవలేదు. టోక్యో అపార్ట్‌మెంట్లలో తెలియని ఇంటి బెల్లు నొక్కడం అంటే కొరియర్ వాడు తప్ప ఎవరూ చెయ్యని పని. పిల్లలు ఇంటింటికీ వెళ్ళలేదు, పాతికేళ్ళ వాళ్ళు రోడ్డు మీదకొచ్చారు. ఏ దుకాణమూ అనుకున్న సంగతి కాదిది.

టోక్యోలో షిబుయా అనే పేటలో ఇది 2010 తర్వాత పుంజుకుంది. పిలిచినవాళ్ళు లేరు, పోస్టరు లేదు, స్టేజీ లేదు. అక్టోబర్ 31 రాత్రి అక్కడికెళ్తే జనం ఉంటారని జనానికి తెలుసు, అంతే. నేను వెళ్ళిన ఏడాది స్టేషన్ దగ్గర టాయిలెట్ ముందు ఆడపిల్లల క్యూ మెట్ల దాకా ఉంది. వేషం వేసుకుని ఇంటి దగ్గరే రైలెక్కే ధైర్యం సగం మందికి ఉండదు. ఆఫీసు బట్టల్లోనే వస్తారు. డోంకీ అని అందరూ పిలిచే డాన్ కిహోతె దుకాణంలో కొన్న కవరు విప్పుతారు. అద్దం దొరకని చోట ఫోన్ కెమెరానే అద్దం చేసుకుని బుగ్గ మీద కుట్లు వేసిన గాయం స్టిక్కర్ అంటించుకుంటారు. కోటూ బూట్లూ కాయిన్ లాకర్లో కుక్కి నర్సు జాంబీలుగా బయటికొస్తారు. ఇంత చేసి వీధిలోకి వెళ్ళాక చెయ్యడానికి ఏమీ లేదు. పూజ లేదు, పాట లేదు, ప్రసాదం లేదు. నడవడం, ఎదురొచ్చినవాళ్ళ వేషం చూసి నవ్వడం, ఫొటో అడగడం, మళ్ళీ నడవడం. జపాన్‌లో ముక్కూమొహం తెలియని మనిషితో రోడ్డు మీద మాట కలపడం ఎంత కష్టమో ఇక్కడ బతికినవాళ్ళకి తెలుసు. లిఫ్టులో రోజూ కనిపించే పక్క ఫ్లాటాయనతో నాకు తల వంచడం దాటి ఇప్పటికీ ఒక్క మాట లేదు. ఆ రాత్రి మాత్రం నా భుజానికున్న చీరల షాపు సంచి మీద తెలుగు అక్షరాలు చూసి, అదేం వేషమని ఇద్దరు జాంబీలు ఆపి మరీ అడిగారు. మంత్రగత్తె సంచి అని చెప్పాను. మర్యాదగా నమ్మారు.

మా టీంలో గున్మ అనే ప్రాంతం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. ఆగస్టులో ఓబోన్‌కి ఆమె ఊరెళ్తుంది. ఓబోన్ అంటే పోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులు. సమాధి రాళ్ళు కడగాలి, పూలూ అగరొత్తులూ పెట్టాలి. కీర దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రాన్ని, వంకాయకి గుచ్చి ఆవుని చెయ్యాలి. తాతలు గుర్రమెక్కి త్వరగా రావాలని, ఆవు మీద నింపాదిగా వెళ్ళాలని. చక్కటి ఆచారం, ఫొటోలు చూసి నాకు ముచ్చటేసింది. నా ముచ్చట ఆమెకి నవ్వొచ్చింది. "ఆ వంకాయ పెట్టేలోపు పెళ్ళెప్పుడని ముగ్గురు అడుగుతారు" అంది. మామయ్య జీతం అడుగుతాడట. మేనత్త వయసు గుర్తుచేస్తుందట.

మా గ్రూపు మెసేజ్ అక్కడే దారి తప్పుతుంది. తూర్పు ఆసియాకి దయ్యాలు దిగుమతి చేసుకోవలసిన అవసరం ఎప్పుడూ లేదు. జపాన్‌లో దయ్యాల కథలు వేసవి సరుకు, ఒళ్ళు జలదరిస్తే ఉక్క తగ్గుతుందని. చైనా పంచాంగంలో ఏడో నెలంతా దయ్యాలదే, వీధి మూలల్లో కాగితపు డబ్బులు కాల్చి వాళ్ళకి పంపుతారు. కొరియాలో చుసోక్ నాడు పెద్దల పేరున వంటలు బారులు తీర్చి పెడతారు, ఆ వంటంతా కోడళ్ళ నెత్తినే పడుతుంది. గమనించండి, ఈ దయ్యాల్లో ఎక్కువమంది బంధువులే. మన మహాలయ పక్షాల్లో వచ్చేవాళ్ళ లాగే వాళ్ళకీ ఆకలుంటుంది, కోపముంటుంది, మనవల మీద హక్కుంటుంది. చచ్చిపోయినంత మాత్రాన పెద్దరికం ఎక్కడికీ పోదు. హాలోవీన్ దయ్యం ఎవరి తాతా కాదు. దానికి పిండం పెట్టక్కర్లేదు, దాని ఎదుట మంచి ఉద్యోగం చూపించక్కర్లేదు. బంధువుల్లేని పండగ ఒకటి ఏడాదికి ఒక రాత్రి దొరికితే పాతికేళ్ళ మనిషి వదులుకుంటాడా? ఓబోన్ పోయి హాలోవీన్ రాలేదు, ఓబోన్ అలాగే ఉంది. ఆమె ఆగస్టులో వంకాయ ఆవునీ చేస్తుంది, అక్టోబర్‌లో బుగ్గకి గాయమూ అంటించుకుంటుంది. మొదటిదాంట్లో ఆమె మనవరాలు. రెండోదాంట్లో ఎవరికీ ఏమీ కాదు, అందుకే ఆమెకి అది హాయి.

అమెరికా పాలు తక్కువన్నాను కదా, దానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం జిమి హాలోవీన్ (జిమి అంటే సాదాసీదా). 2014లో డైలీ పోర్టల్ జెడ్ అనే సరదా వెబ్‌సైట్ వాళ్ళు మొదలుపెట్టారు. ఆర్భాటపు వేషాలకి సిగ్గు, కానీ ఏదో ఒకటి వేసుకోవాలని కోరిక, అలాంటి పెద్దవాళ్ళ కోసం. రోజూ కనపడే, ఎవరూ పట్టించుకోని మనిషి వేషం వెయ్యాలి. చూడగానే తెలియదు కాబట్టి తానెవరో ఒక కాగితం మీద రాసి పట్టుకుంటారు. చేతిలో పాప్‌కార్న్, చీకట్లో తన సీటు ఏ వరసో మరిచిపోయి సినిమా హాల్లో నిలబడ్డ మనిషి. మెడలో ఐడీ కార్డు, చేతిలో చిన్న పర్సు మాత్రమే పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి దిగిన ఉద్యోగిని. కాగితం చదివేదాకా మామూలు మనిషి, చదివాక పొట్ట చెక్కలయ్యేలా నవ్వు. మా ఆఫీసులో నోరు విప్పని ఒకాయన ఒకసారి చేతులు రెండూ కట్టుకుని, మైక్రోవేవ్‌లో భోజనం డబ్బా వేడెక్కేదాకా ఎటు చూడాలో తెలియని కన్వీనియెన్స్ స్టోర్ కస్టమర్‌గా వచ్చాడు. మూడేళ్ళుగా ఆయన పక్క సీట్లో ఉండి నేను గమనించలేదు, ఆయన అంతా గమనిస్తున్నాడని. (మన దగ్గర ఎవరైనా మొదలుపెడితే నేను ముందే ఒకటి రిజర్వు చేసుకుంటున్నాను: పెళ్ళి భోజనాల్లో తినేవాడి కుర్చీ వెనక చెయ్యి వేసి, పెరుగన్నం దాకా వచ్చాడా లేదా అని తొంగి చూసే బంధువు.) ఈ వేషంలో దయ్యమెక్కడుంది, అమెరికా ఎక్కడుంది?

షాంఘైలో ఇదే సంగతి ఇంకో రంగు తేలింది. 2023 హాలోవీన్‌కి జూలూ రోడ్డు, దాని చుట్టుపక్కల వీధులు వేషాలతో కిక్కిరిసిపోయాయి. ఏం వేషాలు! కోవిడ్ రోజుల్లో ఇళ్ళ మీదకొచ్చిన తెల్ల సూటు సిబ్బందిలా కొందరొచ్చి, దారినపోయేవాళ్ళ నోట్లో పుల్ల పెట్టబోయారు. ఒకరు తలమీద నిఘా కెమెరా పెట్టుకున్నారు. ఒకమ్మాయి ఒంటినిండా తెల్ల కాగితాలు అంటించుకొచ్చింది. షేర్ మార్కెట్ గ్రాఫు వేసుకున్నవాళ్ళు ఆకుపచ్చ రంగులో వచ్చారు. మన దగ్గర నష్టానికి ఎరుపు, అక్కడ నష్టానికి ఆకుపచ్చ. ఉద్యోగం లేని పట్టభద్రుల వేషంలో వచ్చినవాళ్ళకి అసలు వేషం అవసరమే లేకపోయింది. ఆ ఏడాది జూన్‌లో నగరాల యువతలో నిరుద్యోగం 21.3 శాతమని ప్రభుత్వమే చెప్పి, ఆగస్టు నుంచి ఆ లెక్క ఇవ్వడం కొన్నాళ్ళు ఆపేసింది.

తెల్ల కాగితం సంగతి తెలిస్తే ఆ అమ్మాయి తెగువ అర్థమవుతుంది. 2022 వసంతంలో షాంఘై రెండు నెలలు ఇళ్ళల్లో బందీ అయింది. రెండున్నర కోట్ల జనం. ఆ నవంబర్‌లో అక్కడి ఉరుమ్చీ రోడ్డులో ఆ ఆంక్షల మీద నిరసనగా యువకులు ఏమీ రాయని తెల్ల కాగితాలు పైకెత్తి నిలబడ్డారు. రాస్తే నేరం కాబట్టి రాయలేదు. చాలామందిని పోలీసులు పట్టుకెళ్ళారు. ఏడాది తిరక్కుండానే అదే కాగితం అక్కడికి దగ్గర్లోని వీధిలో వేషంగా తిరిగొచ్చింది. అడిగితే, హాలోవీన్ కదా!

తెలుగువాళ్ళకి ఈ కిటుకు కొత్తేమీ కాదు. పగటివేషగాళ్ళు ఊరి పెద్దల్ని వాళ్ళ అరుగు ముందే వెక్కిరించి, వాళ్ళ చేతే బియ్యం పెట్టించుకునేవాళ్ళు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. తిట్టింది మనిషి కాదు, వేషం. వేషానికి ఆ మాత్రం చనువిచ్చే తెలివి మన పల్లెలకుంది. షాంఘై అధికారులకి ఒక్క ఏడాదే ఉంది. 2024లో జూలూ రోడ్డుకి బారికేడ్లొచ్చాయి. వేషాల్లో ఉన్నవాళ్ళని పోలీసులు పక్కకి తీసుకెళ్ళారు. బ్యాట్‌మ్యాన్‌ని తీసుకెళ్ళారు, బుద్ధుడి వేషం వేసుకున్నవాణ్ణి తీసుకెళ్ళారు. నిషేధమని పైకి ఎక్కడా ప్రకటించలేదు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2014 డిసెంబర్ 31 రాత్రి ఇదే షాంఘైలో నది ఒడ్డున బండ్ దగ్గర తొక్కిసలాటలో 36 మంది చనిపోయారు. గుంపంటే ఆ నగరానికి భయం ఉండడంలో తప్పు లేదు. కానీ తొక్కిసలాట భయం ఉన్న పోలీసు దారులు చూసుకుంటాడు, ముసుగు కింద ఎవరున్నారో చూడడు.

ముసుగంటే హాంకాంగ్ కూడా చెప్పాలి, క్లుప్తంగా. ప్రభుత్వం మీద నిరసనలు సాగుతున్న 2019లో, అక్టోబర్ 5 నుంచి అక్కడ ఊరేగింపుల్లో మొహం కప్పుకోవడం నేరమైంది. అదే నెల 31న హాలోవీన్. లాన్ క్వాయ్ ఫాంగ్ అనే బార్ల వీధికి ఏటా వేషాలతో వచ్చే జనం, మాస్కులతో వచ్చిన నిరసనకారులు ఎవరు ఎవరో తెలియకుండా కలిసిపోయారు. ఇది పండగ ముసుగా, నేరపు ముసుగా అని పోలీసులు ఒక్కొక్కరినీ ఆపి తేల్చుకోవలసి వచ్చింది. చివరికి బాష్పవాయువు. పాశ్చాత్య మోజు అనేవాళ్ళు ఆ రాత్రిని ఏ లెక్కలో వేస్తారో నాకు తెలియదు.

ఇక కొరియా. సియోల్‌లో ఇతేవాన్ అమెరికా సైనిక స్థావరం పక్కన పెరిగిన పేట. హాలోవీన్ అక్కడ మొదట విదేశీయులది. తర్వాత ఇంగ్లిష్ మీడియం కిండర్‌గార్టెన్లు, ట్యూషన్ సెంటర్లు దాన్ని పాఠంలో భాగం చేశాయి. నాలుగేళ్ళ పిల్లకి మంత్రగత్తె టోపీ పెట్టి ఫొటో తీయించి, ఇంగ్లిష్ బాగా వస్తోందని మురిసిపోయింది తల్లిదండ్రులే. ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఇతేవాన్‌కి వెళ్ళారు. 2022 అక్టోబర్ 29 శనివారం. కోవిడ్ ఆంక్షలు పోయాక మొదటి హాలోవీన్, లక్షకి పైగా జనం. హామిల్టన్ హోటల్ పక్కన 40 మీటర్ల సందు ఒకటుంది. మెట్రో వైపు దిగే వాలు. ఇరుకైన చోట వెడల్పు 3.2 మీటర్లు, అంటే రెండు కార్లు పక్కపక్కన పట్టవు. పైనుంచి దిగేవాళ్ళు, కింద నుంచి ఎక్కేవాళ్ళు ఆ సందులోనే ఎదురుపడ్డారు. సాయంత్రం 6.34కే ఒకరు పోలీసులకి ఫోన్ చేసి, ఇక్కడ జనం నలిగి చచ్చిపోయేలా ఉన్నారని చెప్పారు. రాత్రి 10.15 లోపు అలాంటి ఫోన్లు పదకొండు వెళ్ళాయి. వాటిలో నాలుగు ఫోన్లకే పోలీసులొచ్చారు. ఆ రాత్రి ఆ పేటలో ఉన్న పోలీసులు 137 మంది, వాళ్ళలో చాలామందికి అప్పగించిన పని డ్రగ్స్, దొంగతనాలు చూసుకోవడం. చనిపోయినవాళ్ళు 159 మంది. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు. 26 మంది విదేశీయులు.

మర్నాటి నుంచే మొదలైంది. పరాయి దయ్యాల పండగకి ఎందుకెళ్ళారు, తాగి తందనాలాడడానికి వెళ్ళి చచ్చిపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది. పిల్లని పోగొట్టుకున్న తల్లులు ఈ మాటలు పడ్డారు. ఆ పేట యోంగ్సాన్ వార్డు కిందికొస్తుంది. దాని అధిపతి పార్క్ హీ-యంగ్ ఇంకాస్త నాజూగ్గా చెప్పింది: అది పండగ కాదు, ఒకలాంటి పరిణామం. నిర్వాహకులు లేరు, కార్యక్రమం లేదు, జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. చట్టమూ ఆమె వైపే ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం భద్రతా ప్రణాళిక ఇవ్వవలసింది నిర్వాహకుడు, నిర్వాహకుడే లేకపోతే ప్రణాళికా లేదు. 2024 సెప్టెంబర్‌లో యోంగ్సాన్ పోలీసు మాజీ అధిపతికి కోర్టు మూడేళ్ళ జైలు వేసింది, అదే రోజు పార్క్‌ని నిర్దోషిగా వదిలేసింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఏ గుణం కోసం ఆ పిల్లలు ఈ పండగని ఇష్టపడ్డారో, పెద్దవాళ్ళు లేకపోవడం, పిలిచినవాడు లేకపోవడం, ఆ గుణాన్నే పెద్దవాళ్ళు తప్పించుకోవడానికి వాడుకున్నారు. ఆ వయసు వాళ్ళకి ఇది మొదటిసారి కూడా కాదు. 2014 ఏప్రిల్‌లో సెవోల్ ఓడ మునిగి 304 మంది చనిపోయారు, అందులో 250 మంది ఒకే హైస్కూలు పిల్లలు. అప్పుడు పదిహేడేళ్ళ వాళ్ళకి ఇతేవాన్ నాటికి పాతికేళ్ళు. సెవోల్‌లో, గదుల్లోంచి కదలొద్దని మైకులో చెప్తే విన్న పిల్లలే ఎక్కువమంది పోయారు. మాట విన్నప్పుడు ఎవరూ కాపాడలేదు. ఎవరూ పిలవని చోటికి సొంతంగా వెళ్ళినప్పుడు, ఎందుకెళ్ళారని అడిగారు.

నిర్వాహకుడుంటే ప్రమాదాలు జరగవా? గోదావరి పుష్కరాలకి సాక్షాత్తూ ప్రభుత్వమే నిర్వాహకుడు. 2015 జూలై 14న, మొదటి రోజే, రాజమండ్రి ఘాట్ దగ్గర 27 మంది పోయారు. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. పరాయి పండగకెళ్ళారు కాబట్టి అనుభవించారని వాళ్ళని ఎవరైనా అన్నారా? అనగలరా? చదరపు మీటరులో ఆరేడుగురు నిలబడితే కాళ్ళు మనిషి మాట వినడం మానేస్తాయి, మీదొచ్చే ఒత్తిడికి ఊపిరి ఆగిపోతుంది. ఆ పక్కన గోదారమ్మ ఉందా, ప్లాస్టిక్ పుర్రె ఉందా అన్నదానితో దానికి పని లేదు.

దీనికి మందు దొరికి కూడా చాలా కాలమైంది. 1993 జనవరి 1 తొలి నిమిషాల్లో, పైన చెప్పిన లాన్ క్వాయ్ ఫాంగ్‌లోనే, బీరు ఒలికి జారుతున్న వాలు వీధిలో 21 మంది తొక్కిసలాటలో చనిపోయారు. న్యాయమూర్తి కెమాల్ బొఖారీ విచారణ జరిపారు. అప్పటి నుంచి హాలోవీన్‌కీ కొత్త సంవత్సరానికీ అక్కడ పోలీసులు దారిని ఒకవైపు నడకగా మారుస్తారు, బారికేడ్లతో జనాన్ని చిన్న చిన్న జట్లుగా వదులుతారు. నిర్వాహకుడెవరని ఎవరినీ అడగరు. అక్కడా బార్లే, వేషాలే, ఇరుకు వాలు వీధే. సియోల్ నుంచి నాలుగు గంటల విమాన ప్రయాణం. నేర్చుకోవాలనుకుంటే ముప్ఫై ఏళ్ళ వ్యవధి ఉంది.

టోక్యో ఏం నేర్చుకుంది? 2018లో షిబుయా గుంపు ఒకటి చిన్న ట్రక్కుని బోర్లా పడేసింది. 2019లో హాలోవీన్, కొత్త సంవత్సరం రోజుల్లో రోడ్డు మీద తాగడం నిషేధించారు. 2024 అక్టోబర్ నుంచి ఏడాది పొడుగునా, సాయంత్రం ఆరు నుంచి తెల్లవారి అయిదు దాకా, అదే నియమం. నాకు పేచీ లేదు, వాంతులు తొక్కుకుంటూ స్టేషన్‌కి నడిచే సరదా నాకూ లేదు. కానీ 2023లో షిబుయా వార్డు మేయర్ కెన్ హసెబే విదేశీ విలేకరుల సమావేశంలో, షిబుయా హాలోవీన్ వేదిక కాదు, దయచేసి రాకండి అని చెప్పారు. కలుసుకునే గుర్తుగా అందరూ వాడే హచికో కుక్క విగ్రహాన్ని కనపడకుండా కప్పేశారు. ఇతేవాన్ లాంటిది ఇక్కడ జరుగుతుందేమోనని భయం అన్నారు. ఆ భయం నిజమైనదే, దానికి ఆయన తీసుకున్న పాఠమే తప్పు. జనం మాయమవ్వరు కదా. కొంతమంది టోక్యోలోనే ఇంకో పేట షిన్‌జుకులోని కబుకిచోకి మళ్ళారు, 2024లో షిన్‌జుకు కూడా రోడ్డు మీద మందు వద్దంది. ఆ తర్వాత ఇంకో స్టేషన్.

టోక్యోలోనే ఇకెబుకురోలో 2014 నుంచి పద్ధతిగా ఒక ఉత్సవం జరుగుతోంది. బట్టలు మార్చుకునే గదులున్నాయి, నియమాలున్నాయి, వార్డు ఆఫీసు అండ ఉంది. చక్కగా జరుగుతుంది, నేనూ చూశాను. గున్మ అమ్మాయిని అక్కడికెళ్ళొచ్చు కదా అంటే మొహం అదోలా పెట్టింది. క్యూ ఉంటుంది, ఫారం నింపాలి, మెడలో ట్యాగు వేస్తారు. "పొద్దున్నుంచీ ఆఫీసులో చేసేది అదేగా" అంది. ఆమెకి కావలసింది ఎవరూ నిర్వహించని రాత్రి. మేయర్‌కి కావలసింది ఎవరూ చచ్చిపోని రాత్రి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని నేననుకోను.

ఇతేవాన్ తర్వాత కొరియా చట్టం మార్చింది. నిర్వాహకుడు లేని గుంపుకి స్థానిక పాలన అధిపతి బాధ్యుడు. 2023 హాలోవీన్‌కి సియోల్‌లోని హోంగ్‌దే పేటలో పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి పెట్టారు. వీధిలో జనం ఎంత ఒత్తుగా ఉన్నారో కెమెరాలు లెక్కగడితే, ఆ సంగతి బోర్డు మీద పడుతుంది. చూసినవాళ్ళు పక్క వీధిలోంచి వెళ్తారు. షిబుయాలో ట్రక్కు పడేసినవాళ్ళ కోసం పోలీసులు 250 దాకా కెమెరాల ఫుటేజీ వెతికారు. వేలమంది వేషాల మధ్య వాళ్ళని గుర్తుపట్టి, ఒక్కొక్కరి ఇల్లు తెలుసుకుని మరీ పట్టుకున్నారు, నలుగుర్ని అరెస్టు చేశారు. అంత ఓపికా అన్ని కెమెరాలూ ఉన్న నగరం కుక్క విగ్రహానికి తెర కట్టడం మానేసి, అలాంటి బోర్డు నాలుగు సందుల్లో పెట్టొచ్చు.